ఆరువందల పద్నాలుగు మంది అయ్యప్పలు

ఉగ్గాని ఉప్మాకు బొరుగులు నానబెట్టకూడదు, తడపాలి. నీళ్ళలో వేసీ వేయగానే గుప్పిట్లో పట్టి పిండేయాలి. ఒక్క నిమిషం ఏమరితే ముద్దైపోతాయి. అనంతపురంలో పుట్టిన ఆడపిల్లకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా ఆ సోమవారం పొద్దున ప్రశాంతి రెండు చేతులూ గిన్నెలో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. చెవిలో ఇయర్‌ఫోను ఉంది. అందులో బెంగుళూరు నుంచి ఆమె పైఅధికారి భరత్ మాట్లాడుతున్నాడు.

"ఒకే పేరు, ప్రశాంతీ. బత్తలపల్లె మండలంలో ఆరువందల పద్నాలుగు మంది రైతులు, అందరి పేరూ అయ్యప్పే. ఈ ఏడాది పాస్‌బుక్కులతో పేర్లు సరిచూస్తుంటే బయటపడింది. మాల వేసుకునే సీజను కూడా కాదు కదా ఇది." తన జోకుకు తనే నవ్వుకున్నాడు. "మీ గంగాదేవి ఇంట్లో కూర్చుని దొంగ నమోదులు చేసేసింది. నాలుగు రకాల పేర్లు పెట్టే ఓపిక కూడా లేదు ఆవిడకి. ఇవన్నీ నకిలీవని మార్కెటింగ్ తరఫున మీరు రాసి, శుక్రవారానికల్లా పంపండి. తీసేద్దాం."

గంగాదేవి ఎండలో ఊరూరూ తిరిగి రైతుల్ని యాప్‌లో చేర్పించే మనిషి. ఆమెను మూడేళ్ళుగా ఎరుగును ప్రశాంతి. ఇంట్లో కూర్చునే భాగ్యం గంగాదేవికి ఏనాడూ లేదు. ఆ మాట అనబోయేలోపే భరత్ వేరే సంగతికి వెళ్ళిపోయాడు. బొరుగులు ముద్దయ్యాయి.

"ఇది ఉగ్గానినా, గంజినా?" అన్నాడు తిప్పేష్, పళ్ళెంలోకి చూస్తూ.

"మీటింగులో ఉన్నా."

"ఇంట్లో కూచోని చేసేదానికి మీటింగు అని పేరు మల్ల. క్యారియర్ యాడ పెట్టినావు?"

క్యారియర్ అతని మోచేతి పక్కనే ఉంది. తిప్పేష్ గుంతకల్లు రైల్వే ఆఫీసులో పని చేస్తాడు, రోజూ పొద్దున్నే రైలెక్కి పోయి సాయంత్రం వస్తాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడు కాదనే మాట మగవాడికి మన దగ్గర ఎంత చవగ్గా దొరుకుతుందో! తాగడు, కొట్టడు, అంతే, పట్టా చేతికొచ్చేస్తుంది. అదే ఆడదైతే మంచిది అనిపించుకోవడానికి పొద్దున లేచిన దగ్గర్నుంచీ పరీక్షే, అందులో ఒకపూట బొరుగులు ముద్దైనా మార్కులు పోతాయి. "పేరేమో ప్రశాంతి, పొద్దునైతే ఇంట్లో గలాటా" అని నవ్వుతూ అన్నాడు చెప్పులేసుకుంటూ. పదకొండేళ్ళ నుంచి అదే జోకు.

వస్తువు వాడేవాడు వెతుక్కోకుండా, కావలసింది చేయి పడే చోట ఉండాలి. కంపెనీలో చేరిన కొత్తల్లో డిజైన్ గురించి ఆమెకు మొదట నేర్పిన పాఠం అది. బాగా చేసిన డిజైన్ కంటికి కనబడదని కూడా చెప్పారు. ఆమెకు నవ్వొచ్చింది. ఈ ఇంటికి పదకొండేళ్ళుగా ఆ పనే చేస్తున్నది కదా తను. తువ్వాలు, బండి తాళం, బీపీ మాత్ర, క్యారియర్, అన్నీ ఆయన చేయి పడే చోటే ఉంటాయి. పాఠం అక్షరాలా నిజం. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా అది ఎవరి కంటికీ కనబడలేదు.

వాళ్ళ కంపెనీ యాప్ పేరు చేనునేస్తం. వాన ఎప్పుడొస్తుంది, పడిన వాన విత్తడానికి చాలినంత పదును ఇచ్చిందా లేదా, శెనక్కాయ ఆకు మీద మచ్చ కనబడితే ఏం చేయాలి, ఇవన్నీ ఫోన్లో మాటల్లో చెప్తుంది. ఈ ఎర్రనేలలో పదును మూడు రోజులు నిలిస్తే గొప్ప. ఆ మూడు రోజుల్లో విత్తనం నేలలో పడకపోతే ఆ ఏటికి చేను అంతే సంగతులు. మగవాళ్ళు బెంగుళూరు కట్టడాల పనికి పోయిన ఊళ్ళలో పదును చూసేదీ, ఎద్దుల్ని మాట్లాడేదీ, విత్తేదీ ఆడవాళ్ళే. పోయినేడు బత్తలపల్లె మండలంలో ఈ ఫోను మాట విని సమయానికి విత్తినవాళ్ళు వీళ్ళే. ఇప్పుడు ఏరువాకకు పది రోజుల ముందు ఆ ఆరువందల పద్నాలుగు మందీ మనుషులే కాదని తీసేస్తారట. తీసేస్తే ఈసారి పదును సంగతి వాళ్ళకు చెప్పే దిక్కుండదు, గంగాదేవికి దొంగ పేరు మిగులుతుంది.

మార్కెటింగు చదువుకునే రోజుల్లో టెక్నాలజీ కంపెనీ అంటే ప్రశాంతికి భక్తి ఉండేది. అక్కడ అంతా కొత్తగా ఆలోచిస్తారనుకుంది. లోపలికెళ్ళి చూస్తే అద్దాల గదిలో కూర్చుని ఒక రైతును ఊహించుకుంటారని తెలిసింది. ఆ ఊహారైతుకు రామయ్య అని పేరు కూడా పెట్టారు. వయసు నలభై ఐదు, తలపాగా, మీసం, కూతుర్ని చదివించాలనే ఆశ, వాన రాదేమోననే భయం. యాప్‌లో ప్రతి బటనూ రామయ్యను తలుచుకునే పెట్టారు. రామయ్య భార్య పేరేమిటి అని ఆమె ఆ స్లైడు పక్కన ఒకసారి రాసింది. "అక్కర్లేదు" అని జవాబొచ్చింది.

మొదట్లో యాప్ వేలిముద్రతో తెరుచుకునేది. అంటే తెరుచుకోవాలి, ఊళ్ళలో తెరుచుకోలేదు. ఫోన్లు మంచివి కావన్నారు, జనానికి నొక్కడం చేతకాదన్నారు. ప్రశాంతి ఒకరోజు అత్త బయమ్మ బొటనవేలు పట్టుకుని వెలుతురులో చూసింది. ఏటా విత్తనానికి బస్తాలకు బస్తాలు కాయలు ఒలిచి ఒలిచి ఆ వేలి మీద గీతలన్నవే లేవు. "వేలిముద్ర పని చేయడం లేదనడం తప్పు, పని చేసీ చేసీ వేలిముద్రే పోయింది" అని రాసి పంపింది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని భరత్ ఒక పెద్ద సభలో ఇరవై నిమిషాలు మాట్లాడాడు. "మా టీము కనిపెట్టింది" అన్నాడు, చప్పట్లు కొట్టారు. ఆమె ఆ వీడియోను వంటగదిలో, పోపు వేగుతుండగా చూసింది. టీముకు పేరుండదు.

అలా వేలు పోయి గొంతు వచ్చింది. ఫోను అడుగుతుంది, రైతు జవాబు చెప్తే మిషను అక్షరాల్లోకి మార్చి రాసుకుంటుంది. మరి అడిగే గొంతు ఎవరిది? "మీ యాస సహజంగా ఉంటుంది, మీరే చెప్పేయండి, ఎంతసేపు పని" అన్నాడు భరత్. నూట నలభై వాక్యాలు. మంచి ఏప్రిల్లో, శబ్దం రాకుండా ఫ్యాను ఆపి, తలుపులు బిగించుకుని, చెమటలు కక్కుతూ వారం రోజులు చదివింది. దానికి ఒక కాగితం లేదు, ఒప్పందం లేదు, థాంక్స్ అని ఒక ముక్క లేదు. ఎలాగూ ఇంట్లోనే ఉంటావు కదా అని తిప్పేష్ కరెంటు ఆఫీసు పనులూ, గ్యాసువాడి పనులూ అప్పజెప్పినట్టే ఇదీ వచ్చి ఆమె ఒళ్ళో పడింది. ఆమె కూడా చేసేసింది. అదే ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది.

తిప్పేష్ రైలెక్కినాక ఆమె ఆ అయ్యప్పల నమోదు రికార్డులు తెరిచింది. కంపెనీలో వాటిని చదివినవాళ్ళే తప్ప విన్నవాళ్ళు లేరు. మిషను ఏం రాసిందో అదే అందరూ చూశారు. ప్రశాంతి వినడం మొదలుపెట్టింది.

"రైతు పేరు చెప్పండి." అది తన గొంతే. తర్వాత బీప్. తర్వాత గాజుల చప్పుడు, ఎవరో పక్కన కిసుక్కున నవ్వడం, ఆపైన ఒకామె మొహమాటంగా, "ఆయప్ప... ఆయప్ప పేరు నేనెట్ల చెప్తా?"

ఇంకో రికార్డు. "ఆయప్ప పేరు నోటితో చెప్పకూడదు మా."

ఇంకోటి. "ఆయప్ప బెంగుళూరు పోయినాడు, నేనే ఉండేది."

మిషను మొదటి మాట పట్టుకుని, దానికి తెలిసిన పేరు ఒకటి రాసుకుంది. ఆయన అనడానికి ఇక్కడివాళ్ళు అనే ఆయప్ప కాస్తా అయ్యప్ప అయ్యాడు. ప్రశాంతి ముందు పకపకా నవ్వింది. ఇరవయ్యో రికార్డుకు నవ్వు ఆగింది. యాభయ్యో దానికి ఏడుపొచ్చింది.

మొగుడి పేరు చెబితే అతని ఆయుష్షు తగ్గుతుందట. పెళ్ళైన రోజున మాత్రం గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి, మొగుడి పేరు చెబితేగానీ లోపలికి రానివ్వమంటారు. చుట్టూ అందరూ నవ్వుతుండగా ఒక్కసారి చెప్పించుకుంటారు. గడప దాటినాక ఇక ఆ పేరు ఎత్తకూడదు. ఆ పెళ్ళికూతురి సొంత పేరు సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆ గడప బయటే చెప్పుల దగ్గర ఉండిపోతుంది. అత్త బయమ్మనే తీసుకుంటే, లోపల ఆమె మామ ఎర్రప్ప భార్య, తిప్పేష్ తల్లి, ఫలానావాళ్ళ కోడలు. మరి తను? ఇంత చదివి, కంపెనీల భాష నేర్చి, ఎప్పుడైనా అత్త ఎదుట "తిప్పేష్" అందా? బ్యాంకువాళ్ళు ఫోను చేసి నామినీ పేరు అడిగితే ఊరి నుంచి వచ్చిన అత్త హాల్లో కూర్చుని ఉందని ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా చెప్పింది. బయమ్మ ఊరుకుంటుందా? "ఆ భరత్ అనేటోని పేరైతే దినామూ నూరుసార్లు నోరారా పిలుస్తావు పాపా" అంది ఆ రోజు. ఆ ఆరువందల పద్నాలుగు మంది తనతో కలిపి ఆరువందల పదిహేను.

బుధవారం బత్తలపల్లె బస్సెక్కి, అక్కడ ఆటో పట్టుకుని అత్తగారి ఊరికి వెళ్ళింది. గంగాదేవిదీ ఆ ఊరే. అనుమానం వల్ల నీ పని ఆపేశామని ఆమె ఫోనుకు అప్పటికే మెసేజీ వచ్చి ఉంది.

"అక్కా, నేను దొంగనా?" అంది గంగాదేవి. కూర్చోమని కూడా అనలేదు. "ఒగొగు ఇంటికి మూడుసార్లు తిరిగినా. ఆడోళ్ళ బదులు నేను చెప్పకూడదు, వాళ్ళ నోటితోనే చెప్పల్ల అని నేర్పిందే మీరు."

"మొగుడి పేరు చెప్పలేక అవస్థ పడుతున్నారని నాకెందుకు చెప్పలేదు గంగా?"

గంగాదేవి ఆమె ముఖంలోకి చూసింది. "అడిగేది నీ గొంతు గదక్కా. మన ప్రశాంతమ్మే అడుగుతాంది, మొగుని పేరు చెప్పకూడదని ఆయమ్మకు మాత్రం తెలీదా, ఎందుకడుగుతాందో ఏమో అనినారు అందరూ. నీకు తెలిసే అడిగినావనుకున్యా నేను."

ఏ ఊరి ఆడవాళ్ళను చూసి జాలిపడుతూ బస్సెక్కి వచ్చిందో, వాళ్ళను తలవంచుకునేలా చేసిన ప్రశ్న తన గొంతులోనే ఊరూరూ తిరిగింది. రాసింది తను కాదు, నిజమే. రామయ్యను తలుచుకుని ఎవరో రాశారు. కానీ చదివేటప్పుడు తనకైనా తట్టలేదు. రైతు అనగానే తన మనసులోనూ మీసమే మెదిలింది.

అత్త ఇంటికి వెళ్ళేసరికి బయమ్మ అరుగు మీద కూర్చుని విత్తనపు కాయలు ఒలుస్తోంది. ఎర్రప్ప పోయి ఏడేళ్ళయింది. అంతకుముందు కూడా ఆయన ఎక్కువ కాలం రాజకీయాల వెంట కదిరికీ ధర్మవరానికీ తిరిగాడే తప్ప చేలో కనబడింది తక్కువ. ఆరెకరాలూ చేసింది బయమ్మే. పాస్‌బుక్కులో మాత్రం ఇప్పటికీ ఆయన పేరే ఉంది. ఆ ఆరువందల పద్నాలుగు మంది అయ్యప్పల్లో ఎర్రప్ప కూడా ఒకడు.

"మామ లేడు కదత్తా, ఇంక ఆయుష్షు తగ్గేదేముంది? పేరు చెప్పుంటే ఏమయ్యేది?" అని అడిగింది ప్రశాంతి, తనూ నాలుగు కాయలు ముందుకు లాక్కుని.

"నోరు రాదు పాపా," అంది బయమ్మ. "సచ్చినోడైనా, బతికినోడైనా నోరు రాదు. అయినా సేనికాడ వాన సంగతి నాకు చెప్పేదానికి ఆయప్ప పేరేంటికి ఆ ఫోనుకు?"

పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు రెండేళ్ళుగా వేసుకోని ప్రశ్నను బయమ్మ కాయ ఒలిచినంత తేలిగ్గా వేసింది.

శుక్రవారం మీటింగులో ప్రశాంతి ఆ రికార్డులు వినిపించింది. ఆయప్పకూ అయ్యప్పకూ తేడా చెప్పింది. భరత్‌ది కృష్ణా జిల్లా, ఆ మాట ఎప్పుడూ విని ఉండడు. అర్థం కాగానే అతని ముఖం వెలిగిపోయింది.

"అద్భుతంగా ఉంది ప్రశాంతీ. ఇదే మన ప్రకటన. చూడండి, కొత్త పెళ్ళికూతురు, ఫోను పట్టుకుని సిగ్గుపడుతూ 'ఆయప్ప' అంటుంది. మొగుడు వెనకనుంచి మీసం తిప్పుకుంటూ వచ్చి తన పేరు గట్టిగా చెప్తాడు. ఆమె సిగ్గు, ఆయన పేరు, మన చేనునేస్తం. ఎలా ఉంది?"

"ఆ ఆరువందల పద్నాలుగు మంది సంగతి?"

"అది వేరే విషయం. పాస్‌బుక్కులో పేరుతో కలవదు కదా. నకిలీ అని పెట్టేస్తే ఒక్క క్లిక్కుతో పోతాయి, కారణాలు రాస్తూ కూర్చుంటే నెల పడుతుంది. మళ్ళీ మెల్లగా మగవాళ్ళ పేర్లతో చేయిద్దాం. గంగాదేవి బదులు ఎవరైనా మగమనిషిని చూడండి, ఊళ్ళలో గట్టిగా మాట్లాడగలిగేవాణ్ణి."

ప్రశాంతి కెమెరా ఆపేసింది. ఎర్రబడ్డ తన ముఖం వాళ్ళు చూడడం ఆమెకు ఇష్టం లేదు. ప్రకటనల్లో ఆడది ఎన్నేళ్ళుగా నవ్వుతోందో లెక్కే లేదు. మరక చూసి నవ్వుతుంది, అంట్లు చూసి నవ్వుతుంది, మొగుడు కుక్కరు కొనిస్తే ఆ కుక్కర్లో వండేది తనేనని తెలిసి కూడా పొంగిపోయి నవ్వుతుంది. ఇప్పుడు ఆమె దిగమింగుకున్న అవమానానికి కూడా సిగ్గని పేరు పెట్టి, బొట్టూ పూలూ పెట్టి అమ్ముతారు. అదే ఆమెను యాప్‌లో మాత్రం ఉండనివ్వరు. ప్రకటనలోకి పనికొచ్చిన ఆడది పట్టికలోకి పనికిరాదు. ఏం మనుషులు వీళ్ళు? ఈ సిగ్గులేనితనానికి ఏ ప్రకటన తీస్తారు?

కుక్కరు మూడో కూత కూసింది. స్టవ్ ఆపి వచ్చి ఆమె రాయడానికి కూర్చుంది. నాలుగు వాక్యాలు రాసింది. ఈ ఆరువందల పద్నాలుగు మందీ అసలు మనుషులే, మన ప్రశ్నే నకిలీది. గంగాదేవి తప్పేమీ లేదు, ఆమె పని ఆమెకు తిరిగి ఇవ్వాలి. రైతు పేరు చెప్పండి అనే ప్రశ్న తీసేసి, చేను చేసేవాళ్ళ పేరు అడగాలి. అలా కుదరదంటే యాప్‌లో ఉన్న నా గొంతు నూట నలభై వాక్యాలూ ఈ సాయంత్రానికల్లా తీసేయాలి, దానిమీద మీకు నేను ఎక్కడా రాసిచ్చింది లేదు. చివర తన పూర్తి పేరు పెట్టి పంపింది.

పదినిమిషాల్లో ఫోనొచ్చింది.

"బెదిరిస్తున్నారా ప్రశాంతీ? ఏరువాక పది రోజులుంది. ఇప్పుడు గొంతు తీసేస్తే యాప్ మూగదైపోతుంది."

"బెదిరించడం కాదు భరత్. ఊరికే ఇచ్చింది, ఊరికే వెనక్కి తీసుకుంటున్నా. ఎంతసేపు పని అన్నారు కదా మీరు. ఇంకెవరితోనైనా చేయించుకోండి."

ఇన్నాళ్ళూ కాగితం లేకపోవడం తమకే లాభమనుకున్నారు వాళ్ళు. చివరికి భరత్ దిగొచ్చాడు. పేర్ల తీసివేత ఆపి, ప్రశ్న మాత్రం ఆ ఒక్క మండలానికే మార్చి, అదీ ఎలా నడుస్తుందో చూసి మిగతాది చెప్తామన్నాడు. గంగాదేవి మర్నాటి నుంచి పనిలోకి రావచ్చన్నాడు. ఈ పద్ధతి ఆమె కెరీరుకు మంచిది కాదని కూడా మెత్తగా చెప్పాడు. అది ఆమెకూ తెలుసు.

సాయంత్రం సంగతంతా విని తిప్పేష్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "పెద్దోళ్ళతో ఏంటికి పెట్టుకుంటావు? ఉండే ఉద్యోగం పోతే?"

"ఇంట్లో కూచోని చేసేదానికి ఉద్యోగం అని పేరుందా?" అంది ప్రశాంతి. ఆమె గదిలోకి వెళ్ళి, ఫ్యాను ఆపి, తలుపు వేసుకుని కొత్త ప్రశ్న రికార్డు చేసింది. ఈసారి కాగితం ముందు పంపించి, సంతకం వచ్చినాకే ఫైలు ఇచ్చింది.

ఆదివారం ఇద్దరూ ఊరికి వెళ్ళారు. అరుగు మీద కాయల కుప్ప ముందు బయమ్మ, చేతిలో ఫోను. పక్కన గంగాదేవి. తిప్పేష్ గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. గంగాదేవి బటను నొక్కింది.

"చేను చేసేది ఎవరమ్మా? మీ పేరు చెప్పండి," అంది ఫోను, ప్రశాంతి గొంతుతో.

బయమ్మ తడబడింది. "ఎవరి పేరు?"

"నాయన పేరు చెప్పమ్మా, ఎర్రప్ప అని," అన్నాడు తిప్పేష్ తొందరగా. "పాస్‌బుక్కులో ఆ పేరే ఉండాది."

"నువ్వుండ్రా," అంది బయమ్మ. "ఆయమ్మ అడిగింది నన్ను."

గంగాదేవి మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే ప్రశ్న. బయమ్మ ఒళ్ళోని పొట్టు దులుపుకుంది. కొంగు సర్దుకుని, ఎదురుగా ఎవరో పెద్దమనిషి కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన పదకొండేళ్ళలో ఆ మనిషి తన పేరు తానే పలకగా ఒక్కసారి కూడా వినలేదని అప్పుడు తట్టింది ప్రశాంతికి.

"బయమ్మ," అంది బయమ్మ. గట్టిగానే అంది.

ఫోను కాసేపు ఆలోచించుకుంది. పేరును మిషను తనే అతికించుకుంది, మిగతాదంతా ప్రశాంతి గొంతే. "రైతు బయమ్మ గారూ, మీ పేరు నమోదైంది."

తిప్పేష్ నేల మీద పడిన ఒక కాయ తీసి కుప్పలో వేశాడు. బయమ్మ ఫోనును అటూ ఇటూ తిప్పి చూసి, గీతల్లేని ఆ బొటనవేలితో తెరను ఒకసారి తుడిచింది. తర్వాత దాన్ని కోడలి చేతికిచ్చింది.

"పాపా," అంది. "ఇంగోసారి చెప్పమను."